గ్రంథిచౌర్యం

"టైరు మార్చేవరకే మీ టైము, వదినగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి కిందికి చూస్తూ. "జీపు కదిలిందంటే ఆ అమ్మాయి జీపులో ఉంటుంది. ఆ తర్వాత మీరడిగినా, మీ చెల్లెలితో అడిగించినా లాభం లేదు."

"మా చెల్లెలు మిమ్మల్ని అడగడం ఎప్పుడో మానేసిందిగా. ఇప్పుడు చెప్పడమే," అన్నారు పిన్నిగారు.

కింద డ్రైవరు జాకీతో కుస్తీ పడుతున్నాడు. టైరులో గాలి పోయింది కాబట్టే పిన్నిగారికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది.

పిన్నిగారు ప్రైవేటు డిటెక్టివు. దొంగలూ, దొంగల చేతిలో మోసపోయినవాళ్ళూ, మోసపోయామని చెప్పుకునే దొంగలూ అందరూ ఆవిడని పిన్నిగారనే అంటారు. వదిన అయ్యేది ఈ ఇన్‌స్పెక్టరొక్కడికే, ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు గనక. వరస కలిసింది గానీ ఇద్దరికీ ఒక్క కేసులోనూ వరస కుదర్లేదు.

ఈ కేసు ఎలుకలది. అడవుల్లో, పొలాల్లో, కాలువల్లో తిరిగే ఎలుకల లాలాజల గ్రంథులు ఎలా ఉంటాయి, ఎక్కడుంటాయి, ఎందుకు వాస్తాయి అని పరిశోధించే లాబొరేటరీ అది. లాబొరేటరీలో లాలాజలం, వీధిలో ఉమ్మి, నిద్రలో చొంగ. చోటునిబట్టి పేరు మారుతుంది గానీ సరుకు ఒకటే. జీవితమంతా ఆ సరుకు మీదే గడిపిన ప్రొఫెసరుగారిని విద్యార్థులు ఉమ్మి మాస్టారు అంటారు. ఎదురుగా అనరు. ఎవరి ఎదురుగానూ ఉమ్మకూడదు కదా.

నిన్న సాయంత్రం ఆయన ఈ గదిలోనే తల పగిలి పడి ఉన్నారు. ఇంకా తెలివి రాలేదు. బల్ల మీద మైనం ట్రేలో అయిదు ఎలుకలు మెడలు తెరుచుకుని ఉన్నాయి. అయిదింటికీ చెవుల కింద ఏదో కోసి తీసేశారు. ప్రొఫెసరుగారి బావమరిది చెవి డాక్టరు, మెడ ఆపరేషన్లలోనూ పేరున్నవాడు. కబురందగానే వచ్చి, గేటు దగ్గరే బావగారిని తన అంబులెన్సులోకి ఎక్కించుకుని, తన నర్సింగ్ హోముకే తీసుకెళ్ళాడు. ఆయన ఏడ్చిన ఏడుపుకి గేటు దగ్గరి కానిస్టేబులు కూడా కళ్ళు తుడుచుకున్నాడట.

ఇన్‌స్పెక్టరు పట్టుకున్నది ప్రొఫెసరుగారి శిష్యురాలిని. గ్రంథులు కోసే నేర్పు చూసి తోటివాళ్ళు ఆమెకి కత్తెర అని పేరు పెట్టారు. ఆ పేరే సగం సాక్ష్యమని ఇన్‌స్పెక్టరు అభిప్రాయం.

"మాస్టారు కొత్త సంగతేదో కనిపెట్టారు," అన్నాడు. "అచ్చయ్యేటప్పుడు తన పేరు ముందుండాలని ఈ అమ్మాయి ఆయనతో గొడవ పెట్టుకుంది. పదిమంది విన్నారు. కుదరదనేసరికి నెత్తి మీద ఒకటి వేసి, సొంతంగా రాసుకోవచ్చని గ్రంథులు కోసుకుపోయింది. చదువుకున్నవాళ్ళు దీన్ని గ్రంథచౌర్యం అంటారు."

"పోయింది గ్రంథి కాబట్టి గ్రంథిచౌర్యం అనండి. ఒక్క గుడిలోనే ఉంది తేడా, దాన్ని కూడా మీరు మింగేస్తే ఎలా?"

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వు నాది. ఆట మీది. ఆ పిల్లని ఓసారి చూడనివ్వండి."

పక్కగదిలో కత్తెర స్టూలు మీద కూర్చుని ఉంది. తెల్లకోటు జేబుల్లోంచి చేతులు తీయలేదు. మోచేతి దగ్గర కోటుకి రక్తం మరక ఎండిపోయి ఉంది. అది ఎలుకది కాదని అడగకుండానే తెలుస్తోంది.

"నిన్నటి మాట తర్వాత," అన్నారు పిన్నిగారు ఇంకో స్టూలు లాక్కుని. "రోజూ మీ ఇద్దరి పని ఎలా సాగుతుందో చెప్పమ్మా."

"సార్ తెరుస్తారండి. నేను తీస్తాను."

"అర్థం కాలేదు."

"ఎలుక గొంతు మీది చర్మం కోసి, రెండు పక్కలా పరిచి పిన్నులు గుచ్చడం సార్ పని. లోపల గ్రంథుల్ని ముట్టుకోరు. ఈమధ్య ఆయన చెయ్యి కొంచెం వణుకుతోంది. తెరవడం అయిపోగానే ట్రే అంచు మీద ఫోర్సెప్స్‌తో రెండుసార్లు తడతారు. టక్ టక్. అంటే తెరిచాను, రా అని. నేను వెళ్ళి గ్రంథులు తీస్తాను. ఆరేళ్ళలో సార్ నన్ను పేరు పెట్టి పిలిచింది లేదండి."

"కోపం వస్తే?"

"మూడుసార్లు తడతారు."

పిన్నిగారికి ఉమ్మి మాస్టారు నచ్చడం మొదలైంది. "నిన్న తట్టారా?"

"లేదు. ఈ గదిలో మిషన్ తిరుగుతోంది. ఆ రొదలో నాకే వినపడలేదేమో అనుకుని లేచి వెళ్ళాను. అప్పటికే కింద పడి ఉన్నారు. వరండా వైపు తలుపు బార్లా తీసుంది."

"ట్రేలో ఏం పోయిందో చూశావా?"

"సార్ నేల మీద ఉంటే ఎలుకల వంక ఎవరు చూస్తారండి?" అంది కత్తెర. "అంబులెన్సు కోసం పరిగెత్తాను. ఆ తర్వాత పోలీసులు నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. ఏం పోయిందో ఇన్‌స్పెక్టరుగారు చెబితేనే తెలిసింది, చెవికింది గ్రంథులని."

"పేరు గొడవ సంగతి?"

"నిజమేనండి. గట్టిగానే అడిగాను. సార్ మూడుసార్లు తట్టారు. మర్నాడు పొద్దున వచ్చి, నీ పేరే ముందులే అన్నారు. ఎవరున్నారు సాక్ష్యం అని వీళ్ళు అడుగుతున్నారు. సార్ లేవాలి. ఆయన లేవకపోతే నేను కూడా ఇంక లేవనండి."

కింద జాకీ కిర్రుమంది.

"ఆ కొత్త సంగతి ఏమిటి?"

"చొంగ కార్చే ఎలుకలండి." ఎలుకల మాట రాగానే ఆమె చేతులు జేబుల్లోంచి వాటంతటవే బయటికి వచ్చాయి. "ఏ ఎలుకని ఎక్కడ పట్టామో తెలియడానికి తోకకి దారం కడతాం. తెల్లది గోదాము ఎలుక, ఎర్రది పొలం ఎలుక, నీలిది కాలువ ఎలుక. నీలిదారం ఎలుకలన్నిటికీ గొంతు కింద బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండేది. చొంగ ఆగదు. ఆ చొంగ పరీక్షకి పంపితే పాదరసం ఉందని వచ్చింది. పాదరసం ఒంట్లోకి పోతే ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, గ్రంథులు వాస్తాయి. ఏ గ్రంథిలో ఎక్కువుందో చూద్దామని నిన్న అయిదింటిని తెరిచారు. చెవికింది గ్రంథిలోనే దొరుకుతుందని సార్ నమ్మకం. కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నారు."

"పరిశోధకుడి నోట్లో ఉమ్మి ఆగుతుంది గానీ ఊసు ఆగదు," అని పిన్నిగారు లేచారు.

ఈ కేసులో పోలీసులు చేసిన మంచి పని ఒకటే, ట్రేని ఫ్రిజ్‌లో పెట్టించడం. ఇన్‌స్పెక్టరు దాన్ని తీయించి, తాను రెండడుగులు వెనక్కి జరిగి, రుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. పిన్నిగారి కళ్ళు ముందుగా పిన్నుల మీద పడ్డాయి. ప్రతి ఎలుకకీ ఒకే చోట, ఒకే వాలుగా గుచ్చి ఉన్నాయి. వణికే చేతికి అలవాటు ఊతమిచ్చింది.

ఆ తర్వాత భూతద్దం తీశారు. ప్రతి చెవి కిందా కాస్త ముందుకి, గుండ్రటి గుంట. చుట్టుపక్కల నరం తెగలేదు, రక్తం కారలేదు. మెడ మధ్యలో బొద్దుగా రెండు ముద్దలు, వాటినెవరూ కదిలించలేదు. మెడ పక్కలంతా పాలిపోయిన కొవ్వులాంటి పొర పరుచుకుని ఉంది. దాన్నీ ముట్టుకోలేదు.

గుంట అంచున దారప్పోగులాంటి సన్నటి గొట్టం, కొస తెగి వేలాడుతోంది. పిన్నిగారు ఒక పిన్ను తీసుకుని ఆ గొట్టం వెంట మెల్లగా పైకి వెళ్ళారు. అది నోటివైపు తిరుగుతుందని చూశారు. తిరగలేదు. చెంప మీదుగా నేరుగా కంటి కొసకి పోయింది. రెండో ఎలుకని చూశారు. మూడోదాన్ని చూశారు. అన్నిటికీ అంతే.

"మరిదిగారూ, లాలాజలం కంట్లోకి ఎందుకు పోతుంది?"

"ఎలుక కదా. దానిష్టం."

"మీ ఇంట్లో మీకు లేని స్వేచ్ఛ ఎలుకకెక్కడిది? ఫ్రిజ్‌లో తెల్లదారం ఎలుక ఒకటి కనపడింది. ఆ పిల్లని పిలవండి. నా కళ్ళ ముందు కోసి చూపించాలి."

ఇన్‌స్పెక్టరు రుమాలు దించాడు. "ముద్దాయి చేతికి కత్తెర ఇమ్మంటారా?"

"కత్తెర చేతికి కత్తెర ఇమ్మంటున్నాను. భయమైతే మీరు బల్లకి అవతల నిలబడండి. ఎలుకలు మీకు కాపలా ఉంటాయి."

కత్తెర వచ్చింది. నేల మీద మరక ఉన్న చోట అడుగు వేయకుండా చుట్టూ తిరిగి వచ్చింది. పిన్నిగారు పాత ట్రే మీద గుడ్డ కప్పేసి, కొత్త ఎలుకని ముందుకి జరిపారు. గడ్డం నుంచి రొమ్ము దాకా చర్మం తెరిచి, పరిచి, పిన్నులు గుచ్చింది కత్తెర. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎందుకాగిందో ఆమెకే తెలియనట్టు ట్రే వంక చూస్తూ నిలబడింది.

పిన్నిగారు ఫోర్సెప్స్ అందుకుని ట్రే అంచు మీద రెండుసార్లు తట్టారు.

కత్తెర తలెత్తి ఆవిడని చూసింది. కన్నీళ్ళు మింగి పనిలోకి వంగింది.

"మెడ మధ్యలో ఈ రెండు పెద్దవీ దవడకింది గ్రంథులండి. దీని పైకొసకి చిక్కుడుగింజలా అంటుకుని ఉన్నది నాలుకకింది గ్రంథి. రంగు కాస్త ముదురు, చూడండి. పరీక్షల్లో దీన్ని మర్చిపోయే సగంమంది తప్పుతారు."

"చెవికింది గ్రంథి?"

"ఇదుగో." చెవి మొదటి నుంచి మెడ పక్కగా, భుజం ఎముక దాకా పరుచుకున్న పాలిపోయిన పొరని ఫోర్సెప్స్‌తో ఎత్తి చూపించింది.

"అది కొవ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, రుమాలు సంగతి మర్చిపోయి ముందుకి వంగుతూ.

"కొత్తవాళ్ళంతా అదే అంటారు సార్. మొదటిరోజు నేనూ కొవ్వనుకుని ఊడబెరికి పారేశాను. మూడుసార్లు తట్టారు. మనిషికైతే చెవి ముందు ముద్దగా కూడుకుని ఉంటుంది. గవదబిళ్ళలు వస్తే వాచేది అదే. ఎలుకకి ఇలా విడివిడిగా మెడంతా పరుచుకుంటుంది."

పిన్నిగారు పిన్నుకొసతో చెవి కింద ఒక చోటు చూపించారు. అక్కడ గోధుమరంగులో, బిళ్ళలా ముద్దగా ఒకటుంది. "అచ్చం మనిషికి ఉండే చోట ఉన్న ఈ బిళ్ళ ఏమిటి?"

"అది లాలాజలానిది కాదండి. కన్నీటిది. ఎలుకకి కన్నీటి గ్రంథి ఒకటి చెవి దగ్గరుంటుంది. గొట్టం చూడండి, కంటికే పోతుంది."

పిన్నిగారు పాత ట్రే మీది గుడ్డ తీసేశారు.

కత్తెర ఒకసారి చూసింది. వంగి మళ్ళీ చూసింది. నిన్నట్నుంచి ఆ ముఖంలో ఉన్న బెదురు పోయి, విసుగు వచ్చింది. మంచి పనివాళ్ళకి చెత్తపని చూసినప్పుడు వచ్చే విసుగు.

"ఇదేంటండీ. చెవికింది గ్రంథులన్నీ ఇక్కడే ఉన్నాయిగా. పోయినవి కన్నీటి గ్రంథులు. వాటితో ఎవరికేం పని?"

"ఎవరికీ లేదమ్మా. ఉమ్మి అనుకుని ఏడుపు ఎత్తుకుపోయాడు. దొంగ ఏడుపని విన్నాను గానీ చూడటం ఇదే మొదలు."

"ఆగండి వదినగారూ." ఇన్‌స్పెక్టరు ఊరికే ఓడిపోయే మనిషి కాదు. "కావాలనే తప్పు చోట కోసి ఉండొచ్చు. మనల్ని తప్పుదారి పట్టించడానికి."

"అది తప్పు చోటని ఇప్పటిదాకా మీకు తెలుసా?"

"తెలీదు."

"తెలియని తప్పు మిమ్మల్ని ఏ దారి పట్టిస్తుంది? ఈ పిల్లకి కావలసినవి చెవికింది గ్రంథులన్నారు. అవన్నీ ట్రేలో వదిలేసి, పనికిరానివి కోసుకుపోయి, మీ జీపు కోసం స్టూలు మీద కూర్చుందా? మనిషి మెడ మీద చెయ్యి తిరిగి, ఎలుక మెడ ఎరగనివాడు కోసిన కోత ఇది. సరే, పోయినవి చెవికింది గ్రంథులని మీకెవరు చెప్పారు?"

"డాక్టరుగారు. ఫోన్‌లో అడిగితే చెప్పారు."

"ఆయన ఈ గదిలోకి వచ్చి చూశారా?"

"మెట్లే ఎక్కలేదు. గేటు నుంచి గేటే వెళ్ళిపోయారు. ఎలుకల్ని ఎవరో కోశారు, లోపల ఏదో పోయినట్టుంది అన్నాను. ఆయన వెంటనే, చెవుల కింద రెండు పక్కలా తీశారంటే అవి చెవికింది గ్రంథులే, అంత శుభ్రంగా తీయడం ఆ అమ్మాయికే చేతనవును అన్నారు."

"చెవుల కింద అని మీరు చెప్పారా?"

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. ఆ క్షణంలో ఆయన నోట్లో ఏ గ్రంథీ పనిచేసినట్టు లేదు.

"కోశారనే అన్నాను," అన్నాడు చివరికి, పొడి గొంతుతో.

పిన్నిగారు కత్తెర వైపు తిరిగారు. "నీలిదారం కాలువ ఎక్కడిదమ్మా?"

"డాక్టరుగారి నర్సింగ్ హోము వెనకాలదండి. సార్ భోజనాల దగ్గర ఆయనతోనే అన్నారు, మీ పెరటి ఎలుకల వల్ల నాకు పేరొస్తుందోయ్ అని." చెబుతూనే ఆమె ఫోర్సెప్స్ కింద పెట్టేసింది. "ఆయన నవ్వారు కూడా."

"పగిలిన థర్మామీటర్లూ, బీపీ మిషన్లలోని పాదరసమూ ఆ కాలువలోకే పోతున్నాయి. ఆ కాలువ పక్క ఎన్ని ఇళ్ళున్నాయో. ఎలుకలు నోటితోనే ఆ సంగతి బయటపెట్టాయి. ఆ నోళ్ళు మూయించాలనుకున్నాడు చెవి డాక్టరు."

"అలాగైతే ఎలుకల్నే ఎత్తుకుపోవచ్చుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇది వాదన కాదు, బతిమాలడం.

"ఎలుకలు పోతే ఎక్కడి ఎలుకలని అడుగుతారు. గ్రంథులు పోతే ఎవరి చెయ్యి అని అడుగుతారు. మీరు అదే అడిగారు. ఆయనకి ఎలుక మెడ తెలియకపోయినా మీ బుర్ర బాగా తెలుసు." అంతలో పిన్నిగారి ముఖంలోంచి వెటకారం ఒక్కసారిగా ఎగిరిపోయింది. "మరిదిగారూ, మాస్టారు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నారు?"

ఆ ప్రశ్నకి జవాబు గదిలో ముగ్గురికీ తెలుసు. ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ తీసి, మంచం దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబులుకి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"చెప్పండి సార్." వెనకాల గ్లాసుల చప్పుడు.

"ఎక్కడున్నావు?"

"కాంటీన్‌లో సార్. పేషెంటు వేళ్ళు కదిలించారంట. ఇంజెక్షన్ ఇవ్వాలి, గదిలో ఎవరూ ఉండకూడదన్నారు డాక్టరుగారు. నర్సమ్మని కూడా పంపేశారు. నువ్వెళ్ళి టీ తాగిరా నాయనా అని డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. మంచి మనిషి సార్."

"గ్లాసు అక్కడ పారేసి పరిగెత్తు. తలుపు విరగ్గొట్టయినా లోపలికి పో. ఫోన్ పెట్టెయ్యకు."

ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరికి ఒక్క గంతు వేశాడు. కింద జీపు మూడు చక్రాల మీద నిలబడి ఉంది. నాలుగో చక్రం పక్కన డ్రైవరు చేతులు తుడుచుకుంటున్నాడు. "సార్," అని కేకేశాడు పైకి చూసి, "స్పేరు టైరులో కూడా గాలి లేదు."

నిన్నట్నుంచి తన జేబులో ఉన్న ఒక తాళంచెవిని ఇన్‌స్పెక్టరు తీసి బల్ల మీద పెట్టాడు. కత్తెర దగ్గర లాక్కున్న స్కూటరుది. ఆమె తీసుకుంది. పిన్నిగారు ఫోన్ అందుకున్నారు.

గుమ్మం దాటుతుండగా ఫోన్‌లో బూట్ల చప్పుడు ఆగింది. తలుపు మీద దబదబ బాదుడు. "గడియ పెట్టుంది సార్. డాక్టరుగారూ, తలుపు తీయండి. డాక్టరుగారూ."

బాదుడు ఆగిన సందులో, తలుపుకి అవతలి నుంచి, ఇనప మంచం అంచు మీద ఏదో తగిలిన చప్పుడు వచ్చింది.

టక్ టక్.

కత్తెర మొదటి మెట్టు మీద నిలబడిపోయింది. "సార్," అంది. "తెరిచారు. నన్ను రమ్మంటున్నారు."

ఈసారి ఆయన తెరిచింది కళ్ళు.

మళ్ళీ వినిపించింది. టక్ టక్. ముగ్గురూ రెండేసి మెట్లు దూకుతూ దిగుతున్నారు. కింది మలుపు దగ్గరికి వచ్చేసరికి మూడోసారి మొదలైంది.

టక్.

రెండో దెబ్బ కోసం పిన్నిగారు ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకున్నారు. అది రాలేదు.